చేనుగట్టున ఆగిన బండి

– తాతయ్యా, రోడ్డుకీ డొంకదారికీ రెంటికీ పనికొచ్చే బండి ఏదో నువ్వే చెప్పాలి. దర్శిలో ఉద్యోగం. సగం తారు రోడ్డు, సగం చేలల్లో తిరుగుడు. కొనేముందు నిన్ను అడగమంది అమ్మ.

మీ అమ్మ అడగమందా? మంచిదే తల్లీ. ఉండు, కుర్చీ ఇటు లాక్కో, ఆ చెవిన సరిగ్గా వినపడదు నాకు. ఏంది, ఫోనులో రికార్డు చేస్తన్నావా? చెయ్యిలే. మీ అమ్మమ్మ వింటే మాత్రం "మళ్ళీ ఆ గోలేనా" అంటది. ఆమెకి ఈ బండి అంటేనే పడదు. ఆరేళ్ళయింది కొని, ఇప్పటికీ ఎక్కదు. ఎందుకెక్కదో చెప్తాను. నువ్వు బండి సంగతి అడిగావు కాబట్టి చెప్పాలి. ఊరికే ఇది కొనుక్కో అది కొనుక్కో అంటే ఏం లాభం?

నేను పురుగుమందుల కంపెనీలో ఫీల్డుమేన్‌గా చేశానని తెలుసుగా నీకు. ముప్పై ఏళ్ళు. ఈ ప్రత్తిపాడు చుట్టూ నేను తిరగని డొంక లేదు. అప్పుడు లీటరు పెట్రోలు పది రూపాయలు కూడా లేదు, చెప్తే నమ్మవు నువ్వు. నా పనేందంటే, రైతులకి చెప్పడం. ముక్కుకి గుడ్డ కట్టుకోండయ్యా, గాలికి ఎదురుగా కొట్టొద్దు, ఎండ ముదిరినాక కొట్టొద్దు, ఒక్కడివే వెళ్ళొద్దు, ఇంకొకళ్ళని గట్టు మీద కూర్చోబెట్టుకోండి అని. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. వినేవాళ్ళు విన్నారు, లేనోళ్ళు లేదు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక రెండెకరాలు మిరప వేద్దామని కౌలుకి పొలం చూస్తన్నా. అప్పుడు నా దగ్గరున్నది పాత మోపెడ్డు. అది వినాయక చవితి వెళ్ళిన... కాదు కాదు, దసరా ముందు. పత్తికి మందులు కొట్టే రోజులు. ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్ళో పొలం ఉందంటే చూద్దామని డొంకన పడి పోతన్నా. పొద్దున పదకొండు, పదకొండున్నర అయుంటుంది. ఉక్క. ఆకు కదలట్లేదు. ఆ డొంకలో ఒక చేను గట్టున బండి స్టాండు వేసి ఉంది.

అబ్బ, ఏం బండే అది! ఎర్ర ట్యాంకు. ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైకి ఉంది. సైలెన్సరు పక్కనుంచి పైకి పోయింది, నీళ్ళలో దిగినా లోపలికి పోకుండా. టైర్లకి బుడిపెలు. అట్టాగని వట్టి పొలం బండి కాదు, లైట్లూ అద్దాలూ అన్నీ ఉన్నయ్యి, గుంటూరు రోడ్డెక్కినా మర్యాదగా పోయే బండి. హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించి ఉంది, దాని మీద తుండుగుడ్డ. లోపల చేలో మందు కొడుతున్న చప్పుడు వినపడతంది. వీపున తగిలించుకుంటారే, పవర్ పంపు. గుర్‌ర్‌ర్‌ అని. రైతు పనిలో ఉన్నాడులే అనుకున్నా. మోపెడ్డు దిగి, ఆ బండి చుట్టూ తిరిగి చూశా. కింద వంగి చూశా. సీటు మీద చెయ్యేశా, కాలింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు ఉన్నానేమో. కొంటే ఇట్టాంటిదే కొనాలి అనుకుని వెళ్ళిపోయా.

ఆ పొలం కౌలు కుదరలేదు. వేరే చోట తీసుకున్నాలే, ఇప్పుడు మనం చేస్తున్నదే.

ఇక మనసులో ఆ బండే. మోపెడ్డు మీద మిరపచేనుకి పోవాలంటే నడుము విరిగేది. మీ అమ్మమ్మ, "ఈ వయసులో నీకు గుర్రం కావాలా" అని నవ్వేది. గుంటూరు పోయి షాపులన్నీ తిరిగా. ఒకటి పెద్ద బండి. మన ఊళ్ళోనే ఒకాయనకి ఉంటే అడిగి నడిపి చూశా. తారు రోడ్డు మీద పల్లకీ అనుకో. ఒక చినుకు పడ్డాక నల్లరేగడి డొంకలో దింపితే, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్యన మట్టి కూరుకుపోయి చక్రమే తిరగదు. గట్టున కూర్చుని పుల్లతో మట్టి గీకుతా ఉన్నా. ఇంకోటి చిన్నది, తేలిక. డొంకలో మేకపిల్లలాగా పోయింది. హైవే ఎక్కితే, పక్కన లారీ పోతే చాలు, ఆ గాలికి బండి అటూ ఇటూ ఊగింది. అది చూసి వద్దనుకున్నా. రెంటికీ పనికొచ్చేది కొత్తది కొనే స్తోమతు లేదు. చివరికి ఒక మెకానిక్కు చెప్పాడు. "మాస్టారూ, మీరు చెప్పినట్టాంటి బండి ఒకటి ఫలానా ఊళ్ళో అమ్మకానికుంది. ఆడమనిషి అమ్ముతోంది. కాకపోతే చూసొచ్చినోళ్ళు ఎవరూ కొనట్లేదు. డొంకలో ఆగిపోతోందంట" అన్నాడు. ఆగితే బాగుచేసుకోలేనా నేను అని బయల్దేరా.

అప్పటికి మిరపకాయలు కోసి ఆరబోశారు. ఊరంతా ఆ ఘాటు. దారి పొడుగునా కల్లాలు ఎర్రగా. నేను వెళ్ళేసరికి, ముందే ఫోను చేశాగా, ఆమె బండి స్టార్టు చేసి వాకిట్లో ఉంచింది. నలభై ఏళ్ళుంటయ్యి. నాగేంద్రమ్మ అని. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. బండి కడిగి తుడిచి ఉంది. ఎక్కడో చూశానే అనిపించింది. ఆ రకం బండ్లన్నీ ఒకటే పోలికలే అనుకున్నా, చూశావూ.

"మీ ఆయన బండా అమ్మా?" అన్నా.

"ఆయనదేనండీ. పోయారు" అంది.

ఎట్టా అని అడగలేదు నేను. అడగబుద్ధి కాలేదు.

"రోడ్డు మీద ఏ బండైనా పోద్దండీ. డొంకలో పోయి చూడండి" అని ఊరెనక దారి చూపించింది. నేను ముప్పై ఏళ్ళ నుంచీ బండెక్కితే మొదట పెట్రోలు ట్యాపు చూస్తాను. ఆరోజు బండి ఆన్‌లోనే ఉంది కదా, చూడలేదు.

ఎక్కా. బాగుంది. గోతుల్లో పడితే ముందు చక్రం మింగేస్తోంది, చేతులకి తెలియట్లేదు. ఇదే, ఇదే కావాలి నాకు అనుకుంటా పోతన్నా. కిలోమీటరు పోయానో లేదో, బండి గొణిగి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది.

తల తిప్పి చూస్తే ఎడమ పక్కన పత్తిచేను. మిగతా చేలన్నిట్లో పత్తి కట్టె పీకేశారు, దున్నేశారు, నేలంతా నల్లగా ఉంది. ఆ ఒక్క చేను మాత్రం అట్టానే ఉంది. ఏరని పత్తి. కాయలు పగిలి, పత్తి వేలాడుతా, మొక్కలు ఎండిపోయి, మనిషి ఛాతీ ఎత్తున, తెల్లగా. దాని గట్టు చూశా. అదే గట్టు. దసరా ముందు బండి చూసింది అక్కడే. అప్పుడు అవతలి వైపు నుంచి వచ్చా, అందుకే ఇందాకటిదాకా పోల్చుకోలేదు. నేను కూర్చున్న బండి అదే.

మిట్టమధ్యాహ్నం తల్లీ. కాకి కూడా లేదు. దిగి రెండు మూడు కిక్కులు కొట్టా. ప్లగ్గు విప్పి తుడిచా. ఆ కంగారులో ట్యాపు సంగతి తట్టనే లేదు. ఒక పది నిమిషాలు అట్టా గడిచినయ్యి. ఇంజను ఆగి ఉంది కదా, ఏ చప్పుడూ లేదు. అప్పుడు వినపడింది, లోపల, చేలో.

గుర్‌ర్‌ర్‌.

పవర్ పంపు. ఎండిపోయిన పత్తికి మందు ఎవడు కొడతాడు చెప్పు? నిలబడి విన్నా. అప్పుడు అర్థమయింది నాకు. మందు కొట్టేవాడు సాళ్ళెంట నడుస్తాడు. వాడితో పాటు చప్పుడు కూడా నడవాలి. అటు పోయి, మళ్ళీ ఇటు రావాలి. ఈ చప్పుడు ఒక్క చోటనే ఉంది. కదలట్లేదు.

ఆరోజు కూడా కదల్లేదు. సీటు మీద చెయ్యేసుకుని పది నిమిషాలు విన్నానే, అది ఒక్క చోటి నుంచే వచ్చింది. ముప్పై ఏళ్ళు మందు కొట్టేవాళ్ళ మధ్యన బతికినోణ్ణి. నాకు తెలియాలి కదా. బండి చూసుకుంటా నిలబడ్డా.

దాచుకోవడం ఎందుకు? వెనక్కి తోసుకుంటా పోదామనే అనిపించింది. పోలేకపోయా. "ఎవరయ్యా లోపలా" అని కేకేసి, కట్టె పక్కకి తోసుకుంటా పోయా. ఒళ్ళంతా గీసుకుపోయింది. ముప్పై గజాలు పోయానో లేదో, చప్పుడు ఆగిపోయింది. ఆగిన చోట నాగేంద్రమ్మ కూర్చుని ఉంది.

అరిచా నేను. ఆమె లేచి నిలబడింది. ఊళ్ళో వదిలొచ్చిన మనిషి చేలో ఎట్టా ఉంది? తర్వాత చెప్పిందిలే, గట్ల మీద అడ్డంగా నడిస్తే ఐదు నిమిషాలంట. డొంక చుట్టు తిరిగొస్తది.

"వచ్చారా?" అంది.

"పంపు మోగిందమ్మా ఇక్కడ" అన్నా.

"మీకు వినపడిందా? నేను రోజూ వస్తన్నానండీ. నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. పంపు ఇంట్లో అటక మీద ఉంది. దాంట్లో చుక్క పెట్రోలు లేదు" అంది.

మందు కొడుతూ కొడుతూ పడిపోయాడంట. ముక్కుకి గుడ్డ లేదు, తోడు ఎవరూ లేరు. వీపున పంపు అట్టానే మోగుతా ఉంది, అందులో పెట్రోలు అయిపోయేదాకా. దారిన పోయేవాళ్ళందరూ బండి చూశారు, చప్పుడు విన్నారు, పనిలో ఉన్నాడులే అనుకుని పోయారు. సాయంత్రం రాకపోతే ఈమె వెతుక్కుంటా వచ్చింది.

"బండి ఆగింది నా వల్లేనండీ" అంది. "మీరు ఎక్కేముందు పెట్రోలు ట్యాపు కట్టేశాను. లోపల మిగిలిన పెట్రోలు సరిగ్గా ఇక్కడిదాకా వస్తది. చూసుకున్నా. మీకు ముందు పదకొండు మందిని పంపాను. ఒక్కళ్ళూ చేలోకి తొంగి చూడలేదు. బండి తోసుకుంటా వచ్చి, బాగాలేదమ్మా అని తాళం చేతిలో పెట్టి పోయారు."

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నా.

"దిగి లోపలికొచ్చే మనిషి ఉంటాడా ఉండడా అని. ఉండడని తేలితే అది ఆయన ఖర్మ అనుకుందామని. ఇప్పుడు మీరొచ్చారు" అంది.

చెప్పకుండా ఉండొచ్చు నేను. ఆమెకి ఏం తెలుసు? కానీ అక్కడ, ఆ చోట నిలబడి, చెప్పకుండా ఉండలేకపోయానమ్మా. చెప్పేశా. ఆరోజు నేనూ వచ్చాను, బండి చూశాను, చప్పుడు విన్నాను, పోయాను అని.

కొడతదేమో అనుకున్నా. కొట్టినా బాగుండేది. ఇంతే అడిగింది.

"ఎన్నింటికి?"

"పదకొండు దాటింది."

"డాక్టరు మధ్యాహ్నం దాకా ఊపిరి ఉండుంటది అన్నాడు" అంది. మళ్ళీ, "హ్యాండిల్‌కి క్యారేజీ ఉందా?"

"ఉందమ్మా."

"మూత తీసి ఉందా?"

"లేదు. పైన తుండుగుడ్డ కప్పి ఉంది."

"అయితే తినకముందే" అంది. "ఆరోజు దోసకాయ పప్పు పెట్టాను. ఆ గోలలో క్యారేజీ ఎటు పోయిందో మళ్ళీ కనపడలేదు. తిని పడ్డారా, తినకుండా పడ్డారా అని ఇన్నాళ్ళూ..." అని ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు ఆమె. నేను కూడా అక్కడే ఆ మట్టిలో కూలబడ్డా.

లేచేటప్పుడు, "ఈ బండి మీరే తీసుకోవాలి" అంది. నాకు వద్దమ్మా, ఆ బండి మొహం చూడబుద్ధి కావట్లేదు అన్నా. వినలేదు. "మీకు వద్దని తెలిసే ఇస్తన్నా" అంది. అంతే. ట్యాపు తిప్పి, తనే కిక్కు కొట్టి, హ్యాండిల్ నా చేతికిచ్చింది. మర్నాడు కూలీలని పెట్టి ఆ పత్తి కట్టె పీకించిందంట. ఇప్పుడు అక్కడ కంది వేస్తన్నారు.

ఇంటికొచ్చి మీ అమ్మమ్మకి చెప్తే, ఎక్కనంది. ఇప్పటికీ ఎక్కలేదు. నేను మాత్రం దాని మీదే తిరుగుతన్నా. మంచి బండి, దానికేం వంక పెట్టలేను. కాకపోతే చేను గట్టున ఒంటరిగా బండి కనపడిందా, ఇంజను ఆపేస్తా. దిగి కేకేస్తా. "ఏమయ్యో, ఉన్నావా" అని. ఉన్నానని పలికాక గానీ కదలను. తిట్టినోళ్ళు కూడా ఉన్నారు. ఒకసారి వాడరేవు నుంచి చేపలు తెస్తా, చీరాల ఇవతల సరుగుడు తోటలో ఎవరి బండో ఉంటే కేకేశా. కొత్తగా పెళ్ళైన జంట పాపం, అన్నం తింటన్నారు. ఆ పిల్లాడు చెప్పు తీసుకుని లేచాడు.

అందరూ పలికారు తల్లీ ఇంతవరకూ. ఒక్కచోట తప్ప. పోయినేడు, ఇంచుమించు ఇదే రోజుల్లో. ఎంత కేకేసినా పలకలేదు. లోపలికి పోయా, చేనంతా సాలు సాలూ వెతికా. ఎవరూ లేరు. తిరిగి గట్టు మీదకొస్తే నేను చూసిన ఆ బండి కూడా లేదు, నాదొక్కటే ఉంది. స్టార్టు చేసిన చప్పుడు నాకు వినపడలేదు. చెవి సరిగ్గా పనిచెయ్యట్లేదులే, అందుకే అయుంటుంది. మీ అమ్మమ్మకి చెప్పలేదు ఇది, నువ్వూ చెప్పకు.

ఆఁ, నీ బండి. మరీ ఎత్తుది వద్దు. కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనాలి, గబుక్కున దిగడానికి వీలుండాలి. మడ్‌గార్డు పైకి ఉన్నది చూసుకో, రేగడిలో పట్టకుండా. మిగతా అవన్నీ, గేర్లూ సీసీలూ, మీ కాలంవాళ్ళకి నాకంటే బాగా తెలుసు. రైతు ఎవడైనా ఒక్కడే మందు కొడతంటే కాసేపు గట్టు మీద కూర్చో, ఆఫీసుకి ఆలస్యమైనా ఏం కాదు.

నిండు నూరేళ్ళు చల్లగా ఉండు. ఎండనపడి తిరిగే ఉద్యోగం. నీ బండి ఏ డొంకలో ఆగిపోయినా, దిగొచ్చి "ఎవరమ్మా, ఉన్నావా" అని పిలిచే మనిషి నీ దారిన రావాలి తల్లీ. అంతకంటే ఏం కోరను. ఇక ఆపు ఆ రికార్డు, ఫోనులో ఎర్రలైటు వెలుగుతానే ఉంది...