బతికున్న అత్తగారికి చావుగంట

హలో… ఆ, నేనేనండీ పాస్టరయ్యగారూ, చర్చి గంట కొట్టేవాణ్ణి… అవునండీ, కొట్టాను. మీదాకా వినిపించిందా?… ఓ, పోస్టుమాన్ చెప్పాడా.

చావుగంటేనండీ. డెబ్బై తొమ్మిది దెబ్బలు. ఎన్నేళ్లుంటే అన్ని కొట్టాలిగా… మా అత్తగారికి.

అయ్యో, మీరు బస్సెక్కకండి! ఆవిడ బతికే ఉంది.

…తాగలేదండీ. పొద్దున చర్చి ఊడవడానికి వెళ్తే ముందు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు గుండెల మీద. పిలిచాను, పలకలేదు… చెవుడని తెలుసండీ. ఆ చేతులు చూసి పప్పులో కాలేశాను.

జనమా? కొడవళ్లు చేలోనే పడేసి పరిగెత్తుకొచ్చారు. గోతులు తవ్వే ఆయన నడుంలోతు తవ్వేశాడు కూడా.

…ఎప్పుడు లేచిందంటారా? అదేనండీ అసలు సంగతి. గంటకి బల్ల అదిరి, సగంలోనే మెలకువ వచ్చిందట. కళ్లు తెరవలేదు. ఎవరొస్తారో, ఏమంటారో విందామని.

…అవసరమైనవి వినపడతాయండీ ఆవిడకి.

పక్క పొలం ఆవిడ వచ్చి కాళ్ల మీద పడింది. పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు కదా. “వదినా, గట్టురాయి నీ చేలోకి జరిపింది నేనే, రెండు గజాలు” అని ఊరందరి ముందూ ఏడ్చింది… మా అత్తయ్య లేచి కూర్చుని, “మూడు” అంది.

…నవ్వుతున్నారా?… ఓ, దగ్గా.

నాకు నవ్వు రావట్లేదండీ. సంఘపెద్ద గంటతాడు లాక్కున్నాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. పని పోతే చర్చి వెనక గదీ పోతుంది. మా ఆవిడ చూస్తే ‘మా అమ్మని చంపేశావు’ అని పలకట్లేదు. మీరు ఒక్క మాట చెప్పండి… అత్తయ్య క్షమిస్తేనా?… ఉండండి.

అత్తయ్యా! అయ్యగారు! నన్ను క్షమించినట్టేనా అని అడుగుతున్నారు!

…క్షమించిందండీ! కాకపోతే తన వయసు డెబ్బై అయిదేనట. నాలుగు దెబ్బలు వెనక్కి తీసుకోమంటోంది… ఎలాగో నాకూ తెలీదండీ.

అయితే నా పని…? చల్లగా ఉండండి అయ్యగారూ!

గొయ్యా? ఇప్పుడే పూడ్పిస్తాను… ఆగండి. అత్తయ్య వద్దంటోంది. గట్టురాయి వెనక్కి వెళ్లేదాకా అలాగే ఉంచాలట.

…ఎవరు, పక్క పొలం ఆవిడా? గడ్డపార పట్టుకుని అప్పుడే పరిగెత్తిందండీ.