మాస్టారి తీగ

ఎం.ఎ. దరఖాస్తులో ఏ కోర్సు అన్న గడి దగ్గర అమ్మాయి కలం ఆగింది. వయొలిన్ నేర్పిన మాస్టారు ఎదురుగా కూర్చున్నారు.

"వాద్యం అని రాయమ్మా. కచేరీలు చేసే చెయ్యి నీది."

"సంగీత బోధన రాస్తాను మాస్టారూ. బళ్లో పిల్లలకు నేర్పాలనుంది."

"నేర్పడానికి చదువెందుకే? నేనేం చదివాను?"

"నేను అపస్వరం వాయించినప్పుడల్లా, 'నా తీగ సడలిందమ్మా' అంటూ మీ వయొలిన్ శ్రుతి చేసుకునేవారు. అది వింటూ నేను సర్దుకునేదాన్ని."

"నిజంగానే సడలేది."

"నాకు శ్రుతి కుదిరాక ఒక్కసారీ సడలలేదేం?"

మాస్టారు పకపకా నవ్వారు. "దొంగపిల్లా! గట్టిగా అంటే మానేస్తావని భయపడ్డాను."

"అంతకుముందు రెండుచోట్ల మానేశాను. వయొలిన్ నాకు మిగిలిందంటే మీ చలవే. ఆ నేర్పడమే నాక్కావాలి."

ఆయన వేలితో ఆ గడి చూపించారు.

"బోధనే రాయి. నేను తడుముకుంటూ చేసింది నువ్వు తెలిసి చేద్దువుగాని. సెలవుల్లో వచ్చి నాక్కూడా కాస్త చెప్పు."