చదివి వినిపించని వాంగ్మూలం

పెద్దలారా, అమ్మలారా, అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా,

ఈ సీ కౌ లేక్ పేటలో మన తెలుగువాళ్ళ హాలు ఇంతగా నిండడం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మం బయట కూడా నిలబడ్డారు. లేడీస్మిత్ నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చినవాళ్ళున్నారు. చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. అందరం ఎందుకు వచ్చామో నోరు తెరిచి చెప్పాలంటే నాకింకా చేతకావడం లేదు. మన కార్డినల్ మోరిస్ అప్పలసామి గారు పోయారు. ఈ రోజుకి వారం. పోయారు అంటున్నాను గానీ, ఆ మాట నా చెవులకే అబద్ధంలా ఉంది.

కథీడ్రల్‌లో మొన్న అంత్యక్రియలప్పుడు ఇంగ్లీషులో మాట్లాడారు, ఈ నేలవాళ్ళ జులు భాషలో మాట్లాడారు. బిషప్పులు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు. ముందు వరసలో కూర్చున్న అంబీ పిన్నమ్మ, ఆయన తల్లికి చెల్లెలు, ఎనభై మూడేళ్ళ మనిషి, అంతా విని బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మా బుడ్డోడి గురించి మన మాటలో ఒక్కరైనా సెప్పండే" అంది. అందుకని నేను నిలబడ్డాను. నా పేరు వసంతి. శనివారాలు ఇదే హాల్లో మీ పిల్లలకి అఆలు దిద్దించేదాన్ని. మిగతా రోజులు, ఇరవై రెండేళ్ళుగా, ఆయన దగ్గర టైపిస్టుని.

ఇంట్లో దీపం పెట్టుకునే మనిషిని, చర్చి ఆఫీసులో నాకేం పని అని మా వాళ్ళు మొదట్లో దెప్పేవారు. చర్చికి తనదంటూ ఒక చట్టం ఉందండీ. ఒక పెళ్ళి చెల్లుతుందా, చెల్లదా అని తేల్చే కోర్టు కూడా ఉంది. ఆయన రోములో ఆ చట్టం చదివి వచ్చి ఆ కోర్టులో న్యాయమూర్తిగా కూర్చున్నారు. సాక్షులు చెప్పింది టైపు చేసే పని నాది. ఆయన బిషప్పు అయ్యారు, ఆర్చిబిషప్పు అయ్యారు, పదహారు నెలల కిందట ఎర్ర టోపీ పెట్టించుకుని కార్డినల్ అయ్యారు. నేను మాత్రం ఫాదర్ అనే పిలిచాను. ఒకసారి పెద్ద బిరుదు తగిలించి పిలవబోతే పడీపడీ నవ్వారు. "మా నాన్న ఈ నది ఒడ్డున బెండకాయలు పండించి అమ్మాడు వసంతీ, నన్నెందుకు అంత ఎత్తుకి ఎక్కిస్తావు" అన్నారు.

పోయిన మంగళవారం పదింటికి టీ అడిగారు. పెట్టి తెచ్చాను. బల్ల ముందు కూర్చునే ఉన్నారు, ఎడమ చేతిలో కలం మూత ఉంది. ఫాదర్, టీ అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారి అనలేకపోయాను. గుండె అన్నాడు డాక్టరు, నిమిషం కూడా పట్టి ఉండదన్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, అంతకుముందు రోజు మూడంతస్తులు మెట్లెక్కి వచ్చిన మనిషి, నిమిషంలో ఎలా పోతాడండీ? డాక్టరు వచ్చేసరికి కూడా ఆ కప్పు వెచ్చగానే ఉంది. నాకిప్పటికీ అర్థం కావడం లేదు.

ఆయన ఎలాంటివారు అని అడిగితే నేను ఒక్క అలవాటు చెబుతాను. సాక్షి మాట్లాడటం అయిపోయాక, నేను టైపు చేసినదంతా ఆ సాక్షికి చదివి వినిపించాలి. అది చర్చి చట్టంలో ఉన్న నియమమే. చాలా చోట్ల గబగబా చదివి సంతకం పెట్టించుకుంటారట. ఈయన అలా కాదు. చేతి గడియారం తీసి సొరుగులో పెట్టేవారు. ఇంగ్లీషు వాళ్ళకి ఇంగ్లీషులో, జులు వాళ్ళకి జులులో, మన ముసలమ్మలకి తన వచ్చీరాని తెలుగులో మెల్లగా చదివి చెప్పేవారు. చివర మూడు ప్రశ్నలు. "చేర్చేది ఉందా? తీసేసేది ఉందా? దిద్దేది ఉందా?" అడిగి, ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం ఉందే, అబ్బ, నాకు ఒళ్ళంతా చీమలు పాకేవి. అవతలి మనిషి అసలు మాట ఆ తర్వాతే చెప్పేది.

తొంభై మూడులో రెండు పార్టీల గొడవల్లో లోయలో ఇళ్ళు తగలబడిన సంగతి మీకు గుర్తుంది. ఎవరు మర్చిపోతారు? రెండు పక్షాల వాళ్ళూ ఒక చర్చి హాల్లో కూర్చుని శాంతి పత్రం మీద సంతకాలకి సిద్ధమయ్యారు. బయట విలేకరులు ఎదురుచూస్తున్నారు. ఈయన గడియారం తీసి జేబులో వేసుకున్నారు. ఊరివాళ్ళందరినీ లోపలికి పిలిచి, కాగితం మొత్తం చదివించి, అవే మూడు ప్రశ్నలు అడిగారు. పెద్దమనుషులు విసుక్కున్నారు. అప్పుడు వెనకనుంచి ఒక తల్లి, మ ఖుమాలో అనేవారు ఆమెని, లేచి నిలబడింది. కాగితంలో కొందరు చనిపోయారని ఉంది, నా కొడుకు కొందరు కాదు, వాడికి పేరుంది అంది. అంతే. మరొక తల్లి లేచింది, మరొకరు లేచారు. ఆ పేర్లన్నీ నేనే టైపు చేశాను, ఇటువాళ్ళవీ అటువాళ్ళవీ కలిపి ఒకే వరసలో. సంతకాలకి సాయంత్రం అయింది. ఆ లోయలో ఆ తర్వాత ఒక్క ఇల్లూ కాలలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే నేను అసలు ఒప్పుకున్నాను. దయచేసి వినండి.

లేడీస్మిత్ లొరెయిన్ సంగతి మీలో చాలామందికి తెలుసు. ఎనభై ఎనిమిదిలో, తన పెళ్ళి చెల్లదని తేల్చమని ఆమె కోర్టుకి వచ్చింది. పెళ్ళికి ముందే తన భర్త పిల్లల్ని కననే కూడదని నిశ్చయించుకుని, ఆ సంగతి దాచి పెళ్ళి చేసుకున్నాడని ఆమె మాట. ముందే అలా నిశ్చయించుకుని ఉంటే చర్చి చట్టం ప్రకారం ఆ పెళ్ళి చెల్లదు. పెళ్ళయ్యాక మనసు మార్చుకుని ఉంటే చెల్లుతుంది. కేసంతా ఆ ఒక్క ముక్క మీద ఉంది. సాక్షి రిజర్వాయర్ హిల్స్ పెగ్గీ, అతను పెళ్ళికాక ముందు అద్దెకున్న ఇంటావిడ. పిల్లలు వద్దని అతను పెళ్ళయ్యాక చెప్పాడని ఆమె వాంగ్మూలంలో ఉంది. లొరెయిన్ ఓడిపోయింది. ప్రభుత్వ విడాకులు ముందే వచ్చాయి కాబట్టి, ఆ ఏడాదే ఆమె ఇంకొక మంచివాణ్ణి రిజిస్ట్రారు దగ్గర పెళ్ళి చేసుకుంది. చర్చి దృష్టిలో అది పెళ్ళి కాదు, అలాంటివాళ్ళకి పూజలో ప్రసాదం ఇవ్వరు. ఏడేళ్ళు ప్రతి ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని, అందరూ వెళ్ళి ప్రసాదం తీసుకుంటుంటే చూస్తూ ఉండిపోయింది.

తొంభై నాలుగులో, రంగు తేడా లేకుండా మనమందరం మొదటిసారి ఓటు వేసిన రోజు. రిజర్వాయర్ హిల్స్ బడి చుట్టూ వరస. నా ముందు పెగ్గీ. నాలుగు గంటలు నిలబడ్డాం, గొడుగు కింద బిస్కెట్లు తిన్నాం, ఊరి సంగతులన్నీ దొర్లించాం. లొరెయిన్ పేరు వచ్చింది. పాపం, నువ్వు చెప్పినదాన్నిబట్టే కదా పోయింది అన్నాను. పెగ్గీ నా వైపు వింతగా చూసింది. "ఏటి వసంతీ, పెళ్ళికి ముందే అన్నాడని నాను సెప్పినాను కదా" అంది.

నేను ఓటు ఎలా వేశానో నాకు తెలియదు. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళాను. తప్పు ఎక్కడ జరిగిందో ఆయన పాత ఫైలు తెరిపించి చూశారు. నాలుగు రోజుల తర్వాత తనే కారు నడుపుకుంటూ లేడీస్మిత్ వెళ్ళి, లొరెయిన్ వంటింట్లో కూర్చుని క్షమాపణ అడిగారు. చర్చిలో పెళ్ళి కేసులకి ఆఖరి తీర్పు అనేది ఉండదు, కొత్త సాక్ష్యం వస్తే తెరవొచ్చు. తెరిచారు. తను కూర్చోకుండా వేరే న్యాయమూర్తికి అప్పగించారు. వాంగ్మూలం తప్పుగా రావడానికి బాధ్యత న్యాయమూర్తిగా తనదేనని సంతకం చేసి ఉత్తరం పెట్టారు. పెగ్గీ నిజం మళ్ళీ చెప్పింది. ఆ ఉత్తరం ఉండగా, తప్పు ఎవరిదని ఆమెని ఎవరూ అడగలేదు. పోయినేడు తీర్పు వచ్చింది. లొరెయిన్ అదే మనిషిని చర్చిలో పెళ్ళి చేసుకుంది.

కానీ ఆ ఉత్తరం సంగతి పొక్కింది. పేపర్లో పడింది. ఇదే హాల్లో, కిందటి దీపావళికి, ఎర్ర టోపీ పెట్టగానే పాత తప్పులు బయటపడుతున్నాయి చూశారా అని మీలో కొందరు నవ్వుకున్నారు. నేను తప్పుపట్టను. అప్పుడు మీకు సమోసాల పళ్ళెం అందిస్తున్నది నేనే. అందించాను, నోరు మూసుకున్నాను.

ఎనభై ఎనిమిదిలో పెగ్గీ సాక్ష్యం చెప్పిన రోజు ఏం జరిగిందో వినండి. శుక్రవారం సాయంత్రం. ఊళ్ళో గొడవలు, ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని నాకు హడావిడి. ఆయన్ని ఎవరో ఫోనుకి పిలిచారు. నువ్వు చదివి వినిపించు వసంతీ, నేను వచ్చి ప్రశ్నలు అడుగుతాను అని వెళ్ళారు. నేను చదవలేదు. ముందు అని విన్నదాన్ని తర్వాత అని కొట్టాను, అది చూసుకోనూ లేదు. పెగ్గీ చేత సంతకం పెట్టించి పంపేశాను. కాగితం అడుగున, ఎప్పుడూ రాసే వాక్యం రాశాను. చదివి వినిపించాను, సాక్షి ఒప్పుకున్నారు అని. ఆయన తిరిగొచ్చి, నా మాట నమ్మి సంతకం పెట్టారు. నెలల తర్వాత తీర్పు ఆ కాగితం చూసే రాశారు.

ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి. ఆ ఒక్కసారికి ఏడేళ్ళు వెనక బల్ల.

ఆయన నన్ను తిట్టలేదు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. "నీ వాంగ్మూలం నేను దిద్దకూడదు, నువ్వే దిద్దుకోవాలి, లొరెయిన్‌తో నువ్వే చెప్పాలి" అన్నారు. క్రిస్మస్ తర్వాత అన్నాను. వానలు తగ్గాక అన్నాను. పోయిన సోమవారం, ఆఖరి సోమవారం అని నాకేం తెలుసు, టోపీ చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గర ఆగి, "దిద్దేది ఉందా వసంతీ?" అన్నారు. ఈస్టర్ అయ్యాక ఫాదర్ అన్నాను. సరే అని తలూపారు. ఈస్టర్ ఉంటుందని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మర్నాడు పొద్దున టీ తాగడానికి ఆయన లేరు.

లొరెయిన్, తల్లీ, మూడో వరసలో ఉన్నావు, నాకు కనిపిస్తున్నావు. ఆ తప్పు ఆయనది కాదు. నాది. నేను చదవకుండానే చదివానని రాశాను. నీ ఏడేళ్ళు నేను తీసుకున్నాను. నన్ను క్షమించమని ఇంతమంది ముందు అడిగితే నిన్ను ఇరుకున పెట్టినట్టు అవుతుంది, అందుకని ఇప్పుడు అడగను. నీ ఇంటికి వచ్చి అడుగుతాను, ఆయన కూర్చున్న ఆ వంటింట్లోనే. తలుపు తియ్యడం, తియ్యకపోవడం నీ ఇష్టం.

పెద్దలారా, నా వాంగ్మూలం అయింది. ఈసారి పైకే చదివాను.

ఇక అందరం లేచి నిలబడదాం. ఎంతసేపు అని అడగకండి, నేను గడియారం తీసి సంచిలో వేశాను. ఆయన ఎదురుగా కూర్చుని ఆ మూడు ప్రశ్నలూ మనల్ని అడిగి ఊరుకున్నారనుకోండి. అంబీ పిన్నమ్మా, నీ మోకాళ్ళు బాగాలేవు, నువ్వు కూర్చో. లొరెయిన్, నీకు లేవాలనిపిస్తేనే లే. మిగిలినవాళ్ళం నిలబడదాం.