శుక్రవారం పొట్లం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు. జావా నేర్చుకుందామని తెనాలి నుంచి వచ్చి, ఛాయాదేవిగారి పైగదిలో అద్దెకుంటున్న కెజియా, సాయంత్రం కింద గేటు దగ్గర గొడవ విని సగం మెట్ల మీదే ఆగింది. వెనక్కి తిరిగేలోపే, ఛాయాదేవిగారితో వాదిస్తున్న పనిమనిషి బుచ్చమ్మ చూడనే చూసింది.

"ఇగో, వచ్చింది. గా పిల్లనే అడుగుండ్రి అమ్మా."

"అడుగుతాలే. ముందు నువ్వు చెప్పు బుచ్చమ్మా. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కలేదు, అంతేనా?"

"ఎక్కిన. పొద్దుగాల్నే ఎక్కిన. పొట్లం చేతుల పెట్టి వచ్చిన."

"మరి ఈ చెత్తకుండీలోకి ఎలా వచ్చింది? నేను కట్టిన అరిటాకే. ముడి కూడా విప్పలేదు."

"నాకేమెర్క?"

"తినాలనిపిస్తే నువ్వే తినాల్సింది. నేనేమన్నా అంటానా? అన్నాన్ని చెత్తలో పారేస్తావా?"

"నేనెందుకు పారేస్త అమ్మా? మా ఇంట్ల పోరగాళ్లు లేరా తిననీకి?"

"కెజియా, ఇలా రా అమ్మా. పొద్దున బుచ్చమ్మ నీకు పులిహోర ఇచ్చిందా?"

"పొద్దున్నాండీ?"

"పొద్దున్నే. శుక్రవారం కదా, పూజ రోజు."

"ల్యాబుకి ఆలస్యమవుతోందని హడావిడిలో ఉన్నానండీ. గుర్తులేదు."

"ఇచ్చిందో లేదో గుర్తులేదా?"

"ఇచ్చిందేమో... లేదేమోనండీ."

"గట్లంటవేంది బిడ్డా? తల తుడుచుకుంటనే అందుకుంటివి గద. జర యాది జేస్కో."

"నాకు... సరిగ్గా గుర్తులేదు."

"చాల్లే బుచ్చమ్మా, పిల్లని బెదిరించకు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"అమ్మా, గంత మాట..."

"పని ఎగ్గొడితే ఊరుకుంటాను. అబద్ధమాడితే ఊరుకోను. వెళ్లు."

"పోత తియ్ అమ్మా. కానీ గా పిల్ల ఒక్కసారి నా మొఖం దిక్కు చూసి చెప్తే మంచిగుంటుండె."

"వెళ్లమన్నానా? ...హమ్మయ్య. నువ్వేం మనసులో పెట్టుకోకు కెజియా. పొద్దుట్నుంచీ ఏం తిన్నావో ఏంటో. లోపలికి రా, దోసె వేసిపెడతాను."

"ఆంటీ."

"ఏంటి?"

"బుచ్చమ్మని పిలవండి."

"ఎందుకూ?"

"పిలవండి ఆంటీ. ఇచ్చింది. నా చేతికే ఇచ్చింది."

"ఇస్తే మరి..."

"నేనే పారేశాను."

"పాడైపోయిందా?"

"లేదండీ."

"మరి?"

"మేము ప్రసాదం తినమండీ. విగ్రహాలకు పెట్టింది తినకూడదని చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో..."

"ఇవాళ ఒక్కరోజేనా?"

"అంటే..."

"కెజియా."

"ప్రతి శుక్రవారమూనండీ. పంజాగుట్ట దాకా తీసుకెళ్లి, బస్టాపు దగ్గర ఎవరూ చూడకుండా పడేసేదాన్ని. ఇవాళ ఆలస్యమై..."

"ఇక్కడే పడేశావు."

"అవునండీ."

"పోయిన వారం ఉప్పు వేయడం మర్చిపోయాను. నైవేద్యం కాకుండా రుచి చూడం కదా, వేయలేదని నాకూ తెలియలేదు. ఎలా ఉందమ్మా అని నిన్నడిగితే, భలే ఉంది ఆంటీ అన్నావు."

"అన్నానండీ."

"నా మనసు నొప్పించలేక అలా అంది, ఎంత మంచి పిల్లో అని మురిసిపోయాను. మా అత్తగారికి కూడా గొప్పగా చెప్పుకున్నాను."

"మీ మనసు నొప్పించకూడదనేనండీ ఇదంతా. వద్దంటే మిమ్మల్నీ మీ దేవుణ్ణీ చిన్నబుచ్చినట్టుంటుందని..."

"చెత్తకుండీలో వేస్తే గౌరవించినట్టా?"

"కాదండీ. బస్సెక్కేటప్పుడు మా అమ్మ ఒకటే చెప్పింది, మన ప్రార్థన మనం చేసుకుందాం, ఎదుటివాళ్ల దేవుణ్ణి మాత్రం ఒక్క మాట అనొద్దని. ఒక్క మాటా అనలేదు. ఈ పని చేశాను."

"నా సంగతి పోనీ. బుచ్చమ్మేం చేసింది నిన్ను?"

"నోరు రాలేదండీ. నా దొంగతనం బయటపడుతుందని ఆవిణ్ణి దొంగని చేశాను. సిగ్గుగా ఉంది ఆంటీ. ఆవిడెక్కే బోరబండ బస్సు ఇంకా వచ్చుండదు. పరుగెత్తుకెళ్లి తీసుకొస్తాను. ఆవిడ ముందే చెప్తాను. తర్వాత మీరు గది ఖాళీ చేయమన్నా చేస్తాను."

"ఆగు, నేనూ వస్తాను. అబద్ధాలకోరని దాన్ని అన్నది నేను కదా. నా చెప్పులేవీ?"

"ఇవిగోండి. ఆంటీ... నా మీద మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

"రాలేదు. పారేయాల్సిన అవసరం నీకేముంది అనుకున్నాను."

"అదేంటండీ?"

"అది ప్రసాదం కాదు కనుక."

"కాదా?"

"నువ్వొచ్చిన కొత్తలో ఓసారి చక్కెరపొంగలి నీ చేతిలో పెట్టాను. కళ్లకద్దుకోలేదు, నోట్లో వేసుకోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ చున్నీ చాటుకి జరిపేశావు. నేను మిషనరీ బళ్లో చదువుకున్నదాన్నే, ఆ మాత్రం తెలియదా? మళ్లీ వారం నుంచి నీ పొట్లం నైవేద్యానికి ముందే కట్టేసి పక్కన పెడుతున్నాను. చెబితే సిగ్గుపడతావని చెప్పలేదు. అదీ నా తప్పే."

"అంటే... ఇవాళ్టిది..."

"ఉత్త పులిహోర. మా అత్తగారు ప్రతి శుక్రవారం వంటింటి గుమ్మంలో నిలబడి అడుగుతారు, దేవుడికంటే ముందు ఎవరికే తీస్తున్నావు అని. కెజియాకి అంటాను."