ఏ యాపూ నచ్చనోడు

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీ హాస్టలు గది. సాయంత్రం. మంచం మీద ప్రతాప్, పుట్టుకతో చూపు లేనివాడు. ఎదురుగా కుర్చీలో తిప్పేష్, రోజూ ఈ వేళకు బయటినుంచి వచ్చి అతనికి పాఠాలు చదివి వినిపించే స్నేహితుడు.

"ఇది గూడా వద్దంటే ఎట్లప్పా ప్రతాపూ? నోట్సు రాసుకునే యాపులన్నీ తెచ్చి నీ ఫోన్లో ఏసి చూపిస్తి. దీంట్లో ఏం తప్పు కనపడె నీకు?"

"నాకేం కనపడతాదిలే తిప్పేసూ."

"ఎగతాళి వద్దు. చెప్పు."

"బటన్లకు పేర్లు ల్యావు. యాడ ఏలు పెట్టినా ఫోను బటన్, బటన్, బటన్ అంటాది. దాచిపెట్టేదేదో, చెరిపేసేదేదో నాకెట్ల తెలుస్తాది? మొన్న అశోకుడి పాఠమంతా చెరిగిపాయ."

"సరే, అది పాయ. దానికి ముందర పెట్టించిన పసుపురంగుది?"

"పసుపో పచ్చో నాకేమిటికి. అది తెలుగు చదవదు. తెలుగు అక్షరం వస్తే గుటకేసి ఊరుకుంటాది."

"నోట్సంతా ఫొటోలు తీసి పెట్టిస్తినే, అది?"

"బొమ్మ, బొమ్మ, బొమ్మ. అంతే అంటాది. నీ రాత చూసి అది గూడా బెదిరినట్లుండాది."

"నా రాతకేమప్పా?"

"మా సెక్షన్లో కృపాకుమారి చెప్పె, కోడి గెలికినట్లుంటాదని."

"ఆయమ్మకేం పని నా రాతతో? సరే, నెట్టు ల్యాకున్నా పనిచేసేది పెట్టిస్తి గదా. దానికేం రోగం?"

"మూణ్ణాళ్లు బాగుండె. ఆ మీదట ప్రీమియం తీసుకో, ప్రీమియం తీసుకో అని ఒగటే పోరు."

"నీకు పెండ్లి చేయొచ్చు గానీ యాపు చూపించలేమప్పా. ఇప్పుడు పెట్టేది అట్ల కాదులే. యూట్యూబులో చూసినా. నీ మాదిరి చూపు ల్యాని పిల్లోడే, దీంతోనే చదివి పాసైనాడంట. నోటితో చెప్తే తెలుగులో రాసుకుంటాది. హెడ్డింగు నుంచి హెడ్డింగుకు దుంకొచ్చు. ఫోనియ్యి."

"యేమిటికంత తొందర? రేపు పెడుదువులే. ఇప్పుడు విజయనగరం పాఠం చదువు. నిన్న సగంలో ఇడిసిపెడితివి."

"రేపు... ల్యా, ఇయ్యాలే పెట్టల్ల."

"ఏం, రేపు రావా?"

"రేపొస్తా. సోమవారం నుంచి... సోమవారం నుంచి కుదరదప్పా."

"కుదరదంటే? ఎన్నాళ్లు?"

"ఏమో, చెప్పలేను. మాకు ప్రాజెక్టు ఇచ్చినారు. బీకాం వాళ్లకు."

"సాయంత్రం పూట ప్రాజెక్టా?"

"సాయంత్రమే. రాత్రి గూడా."

"ఏం ప్రాజెక్టది?"

"అదే... మార్కెట్టు మీద."

"రాత్రిపూట మార్కెట్టు మీద ఏం చేస్తారు?"

"అబ్బా, పోలీసోళ్ల మాదిరి అడుగుతావేమి? పరీక్షలు నెత్తిమీదుండాయి. నేను రాకుంటే నీకెవరు చదివి పెడతారు? నువ్వు తప్పితే ఆ పాపం నాకు చుట్టుకుంటాది. ఫోనియ్యి."

"ఎవరో ఒగరు చదువుతారులే."

"ఎవరు? ఈ హాస్టల్లో ఎవరుండారు నీకు? పేరు చెప్పు."

"పక్క రూములో గిరి."

"గిరి యాడుండాడు? ఆ రూముకు తాళమేసి నెలాయ గదా. బయట రూము తీసుకున్న్యాడంట."

"పాయనా?"

"నీకు చెప్పల్యా?"

"ల్యా. పండుకునే ముందర రోజూ ఆ గోడ తట్టి, గిరీ ఉంటానప్పా అంటాండా."

"ఎవరూ పలక్కుంటే తెలియల్యా?"

"గిరి ఉన్నప్పుడు గూడా పలికేటోడు కాదులే."

"సరే... సరే. ఇయ్యప్పా ఫోను. అందుకే చెప్తాండా, ఒగ మంచి యాపు ఉంటే ఎవుని కాళ్లూ పట్టుకునే పని ల్యాదు. ఇటియ్యి. అమ్మా! ఏమిది? గిరగిరగిరా అని ఏం భాషది? చెడిపాయనా నీ ఫోను?"

"ఆ. చెడిపోయింటాది. ఇయ్యి ఈడికి."

"ఉండు, వెతుకుతాండా. నీ దాంట్లో రెండుసార్లు తట్టల్ల గదా. ఇదో, మళ్ల గిరగిర. ఒగ్గ ముక్క అర్థమైతే ఒట్టు."

"ఛార్జింగు పన్నెండే ఉండాది తిప్పేసూ. ఇప్పుడు డౌన్లోడు పెడితే ఆరిపోతాది. ఛార్జరు దిండు కింద ఉండాది చూడు."

"పెడతా, పెడతా. దిండు కింద యాడ... ఉండుండు. పన్నెండని నీకెట్ల తెలిసె?"

"ఊరికే అంటి. అందాజుగా."

"అందాజుగా పన్నెండా? ఈడ చూస్తే పన్నెండే ఉండాది. ఇప్పుడు ఫోను ఏమనె?"

"నాకేం తెలుసు?"

"ఏలు జరుపుతాండా, విను. ఇది ఏమనె?"

"తెల్దు."

"ప్రతాపూ."

"వాతావరణం. ముప్పైతొమ్మిది డిగ్రీలు. వాన ల్యాదు."

"ఇది?"

"కొత్త మెసేజీలు ఏమీ ల్యావు."

"ఎప్పటినుంచి?"

"ఏంది, మెసేజీలా?"

"దీన్నింత స్పీడుగా పెట్టుకొని వినేది ఎప్పటినుంచి? ఒగ దినంలో వచ్చే ఇద్య కాదిది. నాకు ఒగ్గ మాట గూడా చిక్కల్యా."

"ఇంటర్ నుంచి. నీ చేతికిచ్చేటప్పుడు మెల్లగా పెట్టి ఇస్తాంటి, ఇయ్యాల మర్చిపోతి."

"ఇంటర్ నుంచా! అంటే ఈ యాపులు..."

"అన్నీ పనిచేస్తాయి. నేను వాడేది వేరే ఒగటుండాది. హంగులేమీ ఉండవు, రాసుకునేది, వినేది, మాట్లాడి రికార్డు పెట్టుకునేది, అంతే. సార్లు పంపిన పాఠాలన్నీ దాంట్లోనే ఏసుకున్న్యా. విజయనగరం ఎప్పుడో ముగిసె."

"అశోకుడు చెరిగిపాయ అంటివి?"

"అబద్ధం."

"తెలుగు చదవదంటివి?"

"అదీ అబద్ధమే. బాగానే చదువుతాది."

"బొమ్మ, బొమ్మ అనేది?"

"అదొగటి నిజం. నీ రాత గూడా నిజం."

"నగొద్దు! నాకు ఒళ్లు మండుతాంది. పొద్దంతా తిరిగి, మొగం గూడా కడుక్కోకుండా బస్సెక్కొచ్చి, గొంతు పోయేట్ల చదివితి. నువ్వేమో అన్నీ తెలిసి ఊ కొడతా కూచుంటివి. ఎంత పిచ్చోణ్ని చేసినావప్పా నన్ను!"

"తిట్టు."

"తిట్టక? యేమిటికి చేసినావు ఇట్ల?"

"యాపు బాగుండాదంటే, మంచిదప్పా అని లేసి పోతావు గదా. అందుకే ఏదీ బాగల్యాదంటి."

"దానికి ఇంత నాటకమా?"

"ఆ ఫోను ఎంత చదివినా, మధ్యలో ఆపి, యాడిదాకా చదివితి నేను అని నన్ను అడగదు తిప్పేసూ. పొద్దున్నించి నాతో మాట్లాడేది అదొగటే. క్లాసులో పిల్లోళ్లు మంచోళ్లే, చెయ్యి పట్టుకొని బెంచీ మీద కూచోబెడతారు. కూచోబెట్టి పోతారు. మెస్సులో అన్నం తట్ట చేతికిచ్చి పోతారు. నాకు సాయం చేసేటోళ్లు శానామంది ఉండారు, మాట్లాడేటోళ్లే ల్యారు. నువ్వొచ్చి కుర్చీ లాగితే, ఆ సద్దుకే నాకు పానం లేసొస్తాది. ఒంటిగా ఉండలేకపోతినప్పా. అంతే. ఇంగేం ల్యాదు."

"..."

"ఏమప్పా? ఉండావా, పోతివా?"

"ఉండా."

"మాట్లాడకుంటే నాకెట్ల తెలుస్తాది ఉండేది?"

"ఉండా అంటి గదా."

"సోమవారం నుంచి ఎట్లా రావు. ఇంగ రేపు గూడా వద్దులే. పోయి నీ ప్రాజెక్టు చూసుకో."

"ప్రాజెక్టు ల్యాదు."

"అంటే?"

"ప్రాజెక్టూ ల్యాదు, బీకామూ ల్యాదు. టమాటా మండీలో బాక్సులెత్తతాండా. సోమవారం నుంచి రాత్రి పనికి రమ్మన్న్యారు."

"మరి కాలేజీ?"

"పోక ఏడాదాయ. మా నాయన మంచాన పడినప్పుడే మానుకుంటి. పేరు గూడా తీసేసినారు."

"ఏడాదా! రోజూ క్లాసు అయిపోయి వస్తాండా అని..."

"అబద్ధాలు నీకొగనికే వస్తాయా?"

"నాతో గూడా చెప్పకుండా ఉంటివే!"

"యాడ చెప్పేది? పాపం పనికి పోయొస్తాండాడు, అలిసిపోయింటాడు, రావద్దులే అంటావు నువ్వు."

"అనింటా. నిజమే."

"అందుకే చెప్పల్యా. మొదట్లో నీకోసమనే వస్తాంటి ప్రతాపూ. ఆ మీదట... ఏం చెప్పల్ల. మండీలో నన్ను ఏయ్, ఓయ్ అని పిలుస్తారు. ఇంటికి పోతే నాయన మూలుగుడు. ఈడికొచ్చి పుస్తకం తెరిచి పైకి చదువుతాంటే, ఈ గంటసేపూ నేను గూడా చదువుకునే పిల్లోణ్నే అనిపిస్తాది. నీకు పాఠం చెప్తాండా అనుకుంటివా? నేను నా చదువు చదువుకుంటాంటి."

"తిప్పేసూ..."

"ఉండు, చెప్పనీ. నీ యాపులో రికార్డు పెట్టుకోవచ్చంటివి గదా?"

"పెట్టుకోవచ్చు. నా గొంతుతో ఏం మాట్లాడినా దాంట్లో ఉంటాది. యేమిటికి?"

"మండీలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరూ ఏమనరు. దినామూ ఒగ పాఠం నువ్వు చదివి నాకు పంపియ్యి. రాత్రంతా బాక్సులెత్తతా వింటాంటా."

"పరీక్షా ల్యాదు, కాలేజీ ల్యాదు. విజయనగరం పాఠం విని ఏం చేసుకుంటావప్పా నువ్వు?"

"అంతా తెలిసుండి గూడా ఏడాది పొడుగునా విన్న్యావే, నువ్వేం చేసుకుంటివి?"