కారు ఎవరి పేరన?

కరీంనగర్ రవాణా కార్యాలయం ముందు, తన కారును అనాథాశ్రమానికి దానమిస్తున్న విశ్రాంత అధ్యాపకుడు బదిలీ కాగితాలను ఆశ్రమ నిర్వాహకురాలికి అందించాడు.

“నేను సంతకం పెట్టిన. మీరు పెడితే బండి ఆశ్రమం పేరు మీదికి మారుతది.”

“వద్దు సార్! ఆర్సీల మీ పేరే ఉండనియ్యుండ్రి. పంకాలిచ్చినోళ్ల పేర్లు రెక్కల మీద రాపిచ్చినం. కారిచ్చిన మీ పేరు తీసేస్తే పాపం తగుల్తది.”

“పాపం సంగతి నాకు తెల్వదమ్మా. పంకా కింద పడితే రెక్క మీది పేరు జూసి పోలీసులు రారు. మీ డ్రైవర్ ఎవరినన్న గుద్దితే, ఆర్సీల పేరు జూసి సీదా మా ఇంటికే వస్తరు.”

“మా డ్రైవర్ కొండగట్టు అంజన్నకు మొక్కకుంట బండి తియ్యడు సార్!”

“మొక్కనియ్యి. సంతకం పెట్టినంకనే తాళం.”

ఆమె నవ్వుతూ సంతకం చేసి, కాగితాలు లోపల ఇచ్చి వచ్చింది. ఆయన తాళం ఆమె చేతిలో పెట్టి, ఇంటికి బయల్దేరుతూ అలవాటుగా డ్రైవర్ వైపు తలుపు తీశాడు.

“గటెటు సార్? గా సీటు ఇగ మా డ్రైవర్‌ది. మీరు ఎన్క కూసోండ్రి, ఇంటికాడ దించుతం.”

ఆయనకు నవ్వు ఆగలేదు.

“అట్లనే. జర అద్దం దించుండ్రి. ఇన్నేండ్లు నడిపిన గని, ఎన్క సీటుకు గాలి ఎట్లొస్తదో ఎన్నడు చూడలే.”