చిన్న తల, పెద్ద పాగా

అరసవల్లిలో ఓ ఇల్లు. హవల్దారు శ్రీనాథ్ పెద్దకర్మ రోజు. వాకిట్లో చుట్టాలు, లోపలి గదిలో అతని తండ్రి జగన్నాధం, కూతురు తులసి.

“ఇంకోపాలి సెప్పమ్మా, ఆ స్పానిష్ మాట.”

“కౌదియో.”

“అంటే?”

“దండుని నడిపేవోడు. మా కాలేజీ పాటంలో వచ్చింది. ఆ మాట ఎక్కడ్నించి పుట్టిందని నాన్న ఫోన్లో అడిగాడు తాతా. సాయంత్రం సూసి సెప్తానన్నాను. సాయంత్రానికి నాన్న ఫోన్లోంచి ఇంకెవరో మాటాడారు.”

“తెలుసులే. నాకు సెప్పు.”

“లాటిన్లో కాపుట్ అంటే తల. దాన్నించి కాపితెల్లుం, చిన్న తల. అదే అరిగి అరిగి కౌదియో అయింది.”

“అంత దండుకీ చిన్న తలా! ఓసి పిచ్చిదానా, అసలు కథ నాకు తెలుసు.”

“నువ్వు స్పెయిన్ ఎప్పుడెల్లావు?”

“మా తాత ఎల్లాడు, తెప్పమీద. అక్కడ దండుకంతటికీ ఇనప టోపీ ఒకటేనట. అది ఎవుడికెక్కితే ఆడే నాయకుడు. బుర్రమీసాలోల్లు, భీముడంతోల్లు, ఒక్కడికీ ఎక్కలేదు. ఉల్లిపాయలు తరిగీవోడికి సులాగ్గా దిగిపోనాది.”

“గెలిసారా?”

“ఏటి గెలవడం! టోపీ కళ్ళమీదకి జారి దారి తప్పిపోనారు... నవ్వవేటే?”

“నవ్వు రావట్లేదు తాతా. ఏడుపూ రావట్లేదు.”

“నాకూ రాలేదే.”

“బయట బాబాయి పిలుస్తన్నాడు.”

“పిలవనీ. ఇదిగో పాగా. ఇది ఎవుడి తలకి సుడితే ఆడే ఇంటికి పెద్ద. నా తలమీంచి తీసి మీ నాన్నకి నేనే సుట్టాను. మళ్ళీ నా సేతికే వచ్చింది.”

“బాబాయికి సుట్టీ.”

“సంజయ్ గాడికా? రేపే మీ అమ్మని నరసన్నపేట పుట్టింటికి అంపీస్తాడు. ఇల్లమ్మడానికి మనిషిని కూడా సూసుకున్నాడు.”

“తెలుసు.”

“తెలిసీ సుట్టీమంటావేటి?”

“ఎవులికి సుడితే ఏటి. నాన్న రాడు కదా.”

“నీకు సుడతాను. తల వంచు.”

“ఆడపిల్లకా? అందరూ ఊరుకుంటారా?”

“అందరి సంగతి నాకొగ్గీ. వంచు. వంచవే!”

“ఉండు తాతా... అమ్మేది?”

“పెరటి గదిలో. ఈ పూట వాకిట్లోకి రాకూడదన్నారు.”

“ఎవులన్నారు?”

“అందరూ.”

“నువ్వో?”

“...నేనూ.”

“నాన్న ఇన్నేళ్ళూ బోర్డర్లోనే ఉన్నాడు కదా. మనం ఎవులి ఎనకాల నడిసాం తాతా?”

“మీ అమ్మ ఎనకాలే.”

“ఇలా తే ఆ పాగా. నువ్వెల్లి పెరటి తలుపు తియ్యి. అమ్మకి సుడదాం.”